నీళ్లలో గేదెకి బేరం: స్టార్‌ని ఉంచుకోవాలా, అమ్మాలా, కేసున్నవాణ్ణి కొనాలా?

2025 ఆగస్టు 28. ఇంట్లోకి కొత్తిమీర, పచ్చిమిర్చి తెమ్మంటే ఫ్రిస్కోలో ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపాను. ఇంతలో ఫోన్ మోగడం మొదలైంది, ఇక ఆగదే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మా డల్లాస్ టీమ్ కౌబాయ్స్ తన స్టార్ మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేసింది. బంతి విసిరే అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడమే అతని పని. మా వాట్సాప్ గ్రూపులో అందరం డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లమే, వచ్చిన కొత్తలో డౌన్ అంటే ఏంటో కూడా తెలియనివాళ్లం, ఇప్పుడు కౌబాయ్స్ ఓనర్ జెర్రీ జోన్స్‌కి టీమ్ ఎలా నడపాలో చెప్పేంత వాళ్లమయ్యాం. కారు దిగకుండా అరగంట టైప్ చేస్తూ కూర్చున్నా. పచ్చిమిర్చి తెచ్చా, కొత్తిమీర మర్చిపోయా.

కరీంనగర్ తమ్ముడు: "అన్నా, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, పైన వాళ్ల ఆటగాడు కెన్నీ క్లార్క్. ఏం తక్కువొచ్చింది?" గుంటూరు బావ: "ఆ రెండు పిక్‌లూ వెళ్లి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడతాయా రా?"

పిక్ అంటే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు. ఫస్ట్, సెకండ్, థర్డ్ అంటే ఎన్నో రౌండ్ వంతు అని, ఫస్ట్‌కే విలువెక్కువ. ఇద్దరూ తప్పు చెప్పలేదు, అదే చిక్కు. సీజన్లో అయితే ఆదివారం మ్యాచ్ అవగానే ఎవడో ఒకడు నోరు మూసుకోవాల్సిందే. మార్చి మధ్యలో కొత్త లీగ్ సంవత్సరం మొదలైన దగ్గర్నుంచి జూలై ఆఖర్లో క్యాంపులు తెరిచేదాకా, మధ్యలో ఏప్రిల్ డ్రాఫ్ట్ తప్ప, తేల్చే మ్యాచ్ ఒక్కటీ ఉండదు, అందుకని అందరూ గెలుస్తూనే ఉంటారు. ఎవడు ఎంత గొప్ప ఆటగాడు అన్నదాని మీద వాదించడం నేను మానేశా. ఏ డీల్ వచ్చినా ఒక్కటే అడుగుతా: ఇది చెడితే ఎవరి నెత్తిన పడుతుంది? మన నెత్తినా, అవతలి టీమ్ నెత్తినా, ఆటగాడి నెత్తినా? ఉంచుకోవడం, అమ్మడం, కేసున్నవాణ్ణి కొనడం, ఊరికే వదిలేయడం, మీ టీమ్ ముందున్న ఈ నాలుగు దార్లనీ ఈ ఒక్క ప్రశ్నతో పోల్చి చూడొచ్చు.

ఉంచుకుంటే ఎప్పుడు సంతకం పెట్టించాలి

2025 ఆఫ్‌సీజన్లో క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఎడ్జ్ రషర్ల ధర ఎలా పెరిగిందో చూడండి. మార్చి మొదట్లో మ్యాక్స్ క్రాస్బీకి రైడర్స్ ఏడాదికి 35.5 మిలియన్ డాలర్లు ఒప్పుకుంది. కొద్ది రోజులకే మైల్స్ గారెట్‌కి క్లీవ్‌ల్యాండ్ టీమ్ బ్రౌన్స్ 40 ఇచ్చింది. జూలైలో టి.జె. వాట్‌కి స్టీలర్స్ 41. ఆగస్టు ఆఖర్లో పార్సన్స్‌కి ప్యాకర్స్ 47, మొత్తం నాలుగేళ్లకి 188 మిలియన్లు. ఆరు నెలల్లో ధర మూడో వంతు పెరిగింది. అక్షయ తృతీయ దాకా ఆగి బంగారం కొంటానన్నవాడికి ఏం చెబుతాం?

జెర్రీ జోన్స్ మార్చిలో ఏజెంట్ లేకుండా పార్సన్స్‌తో తానే కూర్చుని మాట్లాడానని, బేరం కుదిరిందనే అనుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. ఏజెంట్ లేని బేరం బేరమే కాదని అవతలివాళ్ల లెక్క. ఆగస్టు 1న పార్సన్స్ బహిరంగంగా ట్రేడ్ అడిగాడు, అంటే వేరే టీమ్‌కి పంపేయమన్నాడు. అంతకు ముందు ఏడాది బంతి అందుకునే రిసీవర్ సీడీ ల్యాంబ్ ఒప్పందం ఆగస్టు చివరిదాకా, క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒప్పందం సరిగ్గా సీజన్ మొదటి మ్యాచ్ రోజుదాకా లాగి, చివరికి అడిగినంతా ఇచ్చి ఉంచుకున్నారు. డాక్‌కి ఏడాదికి 60 మిలియన్లు. మూడోసారి లాగితే తాడు తెగింది.

ఇక్కడ మా బావతో నాకు పడదు. స్టార్‌ని ఉంచుకోవడమే ఎప్పుడూ సేఫ్ అంటాడు ఆయన. 2025లో క్యాప్, అంటే ఒక టీమ్ జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి, 279.2 మిలియన్లు, సగటున 47 అంటే దాదాపు ఆరో వంతు ఒక్కడికే. వాడి మోకాలు పోయినా గ్యారంటీ డబ్బు ఆగదు, కాబట్టి ఉంచుకున్నప్పుడు దెబ్బంతా మన నెత్తినే. గారెట్‌ని చూడండి. ఫిబ్రవరిలో ట్రేడ్ అడిగాడు, బ్రౌన్స్ వదల్లేదు, డబ్బిచ్చింది, అతను 2025లో 23 శాక్‌లతో, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని 23 సార్లు పడగొట్టి, ఒక సీజన్ రికార్డు బద్దలు కొట్టాడు. బ్రౌన్స్ 5 గెలిచి 12 ఓడింది. ఇచ్చిన డబ్బుకి అంతకంటే ఎక్కువ ఏ ఆటగాడూ ఇవ్వలేడు, అయినా టీమ్ అక్కడే ఉంది. చుట్టూ టీమ్ ఉంటేనే ఉంచుకోవడానికి అర్థం. ఉంటే మాత్రం మార్చిలోనే సంతకం పెట్టించాలి, ఆగస్టులో కాదు.

అమ్మితే

అమ్మడం అంటే తెలిసిన సరుకు ఇచ్చి లాటరీ టిక్కెట్లు కొనుక్కోవడం. 2020 డ్రాఫ్ట్ గుర్తుందా? స్టెఫాన్ డిగ్స్‌ని బఫలోకి ఇచ్చినందుకు వైకింగ్స్‌కి వచ్చిన పిక్ నంబర్ 22. దాంతో తీసుకున్న రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ పెద్ద స్టార్ అయ్యాడు. దానికి ముందు, 21లో, ఫిలడెల్ఫియా టీమ్ ఈగల్స్ కూడా రిసీవర్నే తీసుకుంది, జేలెన్ రేగర్‌ని. ఫిలడెల్ఫియాలో ఆ పేరెత్తితే ఇప్పటికీ మొహాలు మాడిపోతాయి. ఒకటే రౌండు, ఒకటే పొజిషన్, పక్కపక్క నంబర్లు. అందుకే "రెండు ఫస్టులు" అని తమ్ముడు అన్నప్పుడల్లా నేను అడిగేది, ఎన్నో నంబర్ ఫస్టులు రా, ఎవరివి? మంచి టీమ్ పిక్ ఎప్పుడూ చివర్నే పడుతుంది. పార్సన్స్‌లాంటివాడు వెళ్లి చేరితే ఆ టీమ్ ఇంకా బాగుపడుతుంది, మనకొచ్చే పిక్ ఇంకా కిందికి పోతుంది. సరుకు మనమే ఇచ్చి మన ధర మనమే తగ్గించుకోవడం.

ఇంకో పోలిక, నాకు చాలా ఇష్టమైనది. 2022లో రెండు టీములు పెద్ద రిసీవర్లని అమ్మేశాయి. చీఫ్స్ మార్చిలో టైరీక్ హిల్‌ని మయామికి ఇచ్చి ఐదు పిక్‌లు తీసుకుంది, టైటన్స్ ఏప్రిల్ డ్రాఫ్ట్ రాత్రి ఎ.జె. బ్రౌన్‌ని ఈగల్స్‌కి ఇచ్చి 18, 101 నంబర్ పిక్‌లు తీసుకుంది. చీఫ్స్ ఆ సీజన్లోనూ తర్వాతి సీజన్లోనూ సూపర్ బౌల్ గెలిచింది. టైటన్స్ 18తో ట్రేలన్ బర్క్స్‌ని తీసుకుంది. డిసెంబర్ 4న బ్రౌన్ పాత టీమ్ మీద రెండు టచ్‌డౌన్లు చేశాడు, 35-10, రెండు రోజులకే టైటన్స్ జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది.

తేడా ఎక్కడ? హిల్‌కి అప్పటికి 28, వేగం మీద బతికే ఆటగాడు, పైగా బంతి విసిరేవాడు పాట్రిక్ మహోమ్స్, ఎవరికైనా విసరగలడు. బ్రౌన్‌కి 24. టైటన్స్‌లో అతని పని ఇంకొకడు చేసే పరిస్థితి లేదు. వయసు పైబడుతుంటే, వాడు లేకపోయినా ఆట నడిచే చోటైతే అమ్మండి. పాతికేళ్లలోపువాణ్ణి, వాడి మీదే ఆట నడుస్తున్నవాణ్ణి, జీతం పేచీకి అమ్మితే ఏడవాల్సి వస్తుంది. ఏడుస్తూ "ఆడు ఉంటేనా" అనుకోవడం మామూలే, చచ్చినవాడి కళ్లు చారెడు కదా, కానీ బ్రౌన్ విషయంలో కళ్లు నిజంగానే చారెడున్నాయి.

పార్సన్స్ ఈ రెండింటి మధ్యా పడతాడు. అప్పటికి 26, నాలుగేళ్లూ పన్నెండు శాక్‌లకి తగ్గలేదు. నేనైతే అమ్మేవాణ్ణి కాదు. అమ్మక తప్పదంటే మార్చిలో, డ్రాఫ్ట్‌కి ముందు అమ్మేవాణ్ణి, వచ్చిన పిక్ ఆ ఏడాదే వాడుకోవచ్చు, నాలుగు టీములు పోటీ పడతాయి. సీజన్‌కి వారం ముందు కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు, ఎవరి దగ్గర క్యాప్ మిగిలుంటుంది? నవంబర్లో అదే కౌబాయ్స్ డిఫెన్స్ మధ్యలో గుంట పూడ్చడానికి క్విన్నెన్ విలియమ్స్ కోసం జెట్స్‌కి 2026 సెకండ్, 2027 ఫస్ట్ ఒకటి, మాజి స్మిత్ అనే ఆటగాణ్ణి ఇచ్చింది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చేసింది. ఇంతా చేసి ఆ ఏడాది పాయింట్లు ఇచ్చుకోవడంలో లీగ్‌లో అట్టడుగున తేలింది.

అయితే తమ్ముడి మాట కూడా చెప్పాలి. డిసెంబర్ 14న డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగింది. 12.5 శాక్‌లు చేశాక, సరిగ్గా అవసరమైనప్పుడు. ఆ దెబ్బ ఎవరి నెత్తిన పడింది? గ్రీన్ బే నెత్తిన. తమ్ముడు ఆ రోజు గ్రూపులో ఏమీ రాయలేదు, దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

సస్పెన్షన్ నీడలో ఉన్నవాణ్ణి కొంటే

ఇదీ అసలు నీళ్లలో గేదెకి బేరమాడటం. పైకి వీపొక్కటే కనిపిస్తుంది, కింద కాళ్లెన్నో తెలియదు.

ముందు శిక్షల సంగతి, ఎందుకంటే మన గ్రూపుల్లో అన్నిటినీ ఒకే గాట కట్టేస్తారు. నిషేధిత మందుల పరీక్షలో దొరికితే లెక్క దాదాపు రాసిపెట్టి ఉంటుంది, 2022లో డిఆండ్రే హాప్కిన్స్‌కి ఆరు మ్యాచ్‌లు, అయిపోయింది. బెట్టింగ్ కూడా అంతే, 2023 సెప్టెంబర్లో మార్చిన నియమాల ప్రకారం సొంత టీమ్ మ్యాచ్ మీద పందెం కాస్తే కనీసం రెండేళ్లు, లీగ్‌లో ఇంకే మ్యాచ్ మీదైనా కాస్తే కనీసం ఏడాది, వేరే ఆట మీద టీమ్ ఆవరణలో కూర్చుని కాస్తే మొదటిసారి రెండు మ్యాచ్‌లు. ఇలాంటివాణ్ణి కొనేటప్పుడు ధర కట్టడం తేలిక. టెన్షన్ అంతా మూడో రకంతోనే, వ్యక్తిగత ప్రవర్తన నియమం. గృహహింస, లైంగిక దాడి లాంటివాటికి 2014 నుంచి ఆరు మ్యాచ్‌లు అనే మొదటి గీత ఉంది గానీ, అది ఎటైనా జరగొచ్చు. 2020 ఒప్పందం నుంచి లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమించిన అధికారి మొదట తీర్పు చెబుతారు, దాని మీద అప్పీలు మళ్లీ కమిషనర్ దగ్గరికో ఆయన పెట్టిన మనిషి దగ్గరికో వస్తుంది. తీర్పు మీద లీగే అప్పీలుకి వెళ్లి, అది లీగ్ పెద్ద చేతికే రావడం, మన ఊళ్లో అయితే దీనికి వేరే పేరుంది.

క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ విషయంలో ఇదే జరిగింది. లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో ఇరవై మందికి పైగా మహిళలు సివిల్ కేసులు వేశారు, అతను ఆరోపణలన్నీ కాదన్నాడు, టెక్సాస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు క్రిమినల్ అభియోగం మోపలేదు. మొదటి జ్యూరీ మాట వచ్చిన వారంలోనే, 2022 మార్చిలో, బ్రౌన్స్ అతని పాత టీమ్ హ్యూస్టన్‌కి మూడు ఫస్టులు, ఇంకా కింది పిక్‌లు ఇచ్చి తెచ్చుకుంది. అయిదేళ్లు, 230 మిలియన్లు, అణా పైసలతో గ్యారంటీ. లీగ్ విచారణ అప్పటికి నడుస్తూనే ఉంది. ఆగస్టు 1న ఆ అధికారి, రిటైర్డ్ జడ్జి స్యూ రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లు అన్నారు, లీగ్ అప్పీలు చేసింది, ఆగస్టు 18కి 11 మ్యాచ్‌లు, 5 మిలియన్ల జరిమానాతో రాజీ కుదిరింది.

ఇక్కడ ఒక్క అంకె దగ్గరగా చూడండి. సస్పెండ్ అయినవాడు పోగొట్టుకునేది ఆ వారాల బేస్ జీతం. బ్రౌన్స్ రాసిన కాంట్రాక్టులో 2022 బేస్ జీతం 1.035 మిలియన్లు మాత్రమే, మిగతాది బోనస్. 18 వారాల్లో 11 వారాలంటే సుమారు 6 లక్షల 32 వేల డాలర్లు. 230 మిలియన్ల కాంట్రాక్టులో అదీ అతని జీతానికి పడిన కోత, జరిమానా వేరే. అంటే శిక్ష బరువు ఆటగాడి నెత్తిన పడకుండా టీమే గొడుగు పట్టింది. ఆరోపణలు అలాంటివైనప్పుడు ఆ గొడుగు చూసి నాకు కడుపులో తిప్పింది, ఆటతో సంబంధం లేకుండానే. ఆట లెక్క చూసినా, 2022 నుంచి 2024 దాకా 51 మ్యాచ్‌ల్లో ఆడింది 19. హ్యూస్టన్ తనకొచ్చిన 2023 ఫస్ట్‌తో మూడో నంబర్‌కి ఎగబాకి విల్ ఆండర్సన్‌ని తెచ్చుకుంది, ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ డివిజన్ గెలిచింది.

దీని పక్కనే అట్లాంటా రిసీవర్ కాల్విన్ రిడ్లీని పెట్టండి. 2021లో టీమ్‌కి దూరంగా ఉన్న రోజుల్లో మ్యాచ్‌ల మీద పందెం కాశాడు, తానే చెప్పిన లెక్క 1,500 డాలర్లు, పోయింది 2022 సీజన్ మొత్తం, దాదాపు 11 మిలియన్ల జీతం. ఆ సస్పెన్షన్‌లో ఉండగానే జాక్సన్‌విల్ జాగ్వార్స్ అతన్ని అట్లాంటా నుంచి కొంది. కానీ ధర షరతులతో రాసుకుంది: 2024 పిక్ అతను ఎంత ఆడాడన్నదాన్ని బట్టి థర్డ్‌గా ఎదుగుతుంది, జాక్సన్‌విల్ మార్చిలోపు కొత్త కాంట్రాక్ట్ ఇస్తే సెకండ్ అవుతుంది. ఆడకపోతే నష్టం అట్లాంటాది. రిడ్లీ 2023లో తిరిగొచ్చి వెయ్యి గజాలు దాటాడు, జాక్సన్‌విల్ సెకండ్ మిగుల్చుకోడానికి కాంట్రాక్ట్ మార్చిదాకా ఆపింది, ఈలోపు టైటన్స్ నాలుగేళ్లకి 92 మిలియన్లు ఇచ్చి ఎగరేసుకుపోయింది. అతి తెలివి కాస్త బెడిసికొట్టింది, నిజమే, అయినా పోయింది థర్డ్ రౌండ్ పిక్ ఒకటి, ఫిఫ్త్ ఒకటి. క్లీవ్‌ల్యాండ్‌లో పోయినదాంతో పోల్చండి.

కేసున్నవాడు అప్పటికే మన టీమ్‌లో ఉంటే లెక్క వేరు. మాకు బాగా తెలిసిన రోడ్డు మీదే జరిగింది చీఫ్స్ రిసీవర్ రాషీ రైస్ వ్యవహారం, 2024 మార్చి 30న, డల్లాస్ నార్త్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే, మేం వారానికి మూడుసార్లు పోయే దారి. గంటకి 119 మైళ్ల వేగం, బండ్లు గుద్దేసి అక్కణ్ణుంచి వెళ్లిపోవడం. ఆ వేసవంతా ఫ్యాన్స్ "నాలుగు మ్యాచ్‌లా, ఎనిమిదా" అని పందేలు, ఏమీ రాలేదు. కోర్టులో 2025 జూలైలో నేరం ఒప్పుకున్నాకే, ఆగస్టులో ఆరు మ్యాచ్‌లు పడ్డాయి. పదిహేడు నెలలు. కేసు తేలేదాకా లీగ్ ఆగడం మామూలే, కాబట్టి ఈ ఏడాది సస్పెన్షన్ రాలేదంటే తప్పించుకున్నాడని కాదు, పై ఏడాదికి బాకీ ఉందని. చీఫ్స్ అతన్ని ఉంచుకుంది. సెకండ్ రౌండ్‌లో వచ్చిన కొత్తవాడి (రూకీ) కాంట్రాక్ట్, తక్కువ జీతం, పోయినా క్యాప్ కదలదు. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టి లెక్క మాత్రమే చూస్తే ఉంచుకోవడం అర్థమవుతుంది. అతనే 30 మిలియన్లు అడిగే ఏడాదిలో ఉంటే ఇదే మాట అనను.

లీగ్ శిక్షలు కాకుండా ఉత్త తలబిరుసుతనం అయితే నాకు పెద్ద భయం లేదు, ధర తక్కువైతే. రిసీవర్ జార్జ్ పికెన్స్ పిట్స్‌బర్గ్‌లో అందరికీ తలనొప్పి అన్న పేరుతో 2025 మేలో డల్లాస్ వచ్చాడు. ఇచ్చింది 2026 థర్డ్, 2027 ఫిఫ్త్, మళ్లీ ఒక సిక్స్త్ వెనక్కి. కాంట్రాక్ట్‌లో ఒక్క ఏడాదే మిగిలుంది, నచ్చకపోతే మార్చిలో టాటా. లాస్ వెగాస్ మ్యాచ్‌లో అతన్నీ ల్యాంబ్‌నీ క్రమశిక్షణ పేరుతో మొదటి డ్రైవ్ బెంచి మీద కూర్చోబెట్టారు, మా బావ సోఫాలోంచి లేచి "చెప్పానా" అన్నాడు. కూర్చునేలోపే పికెన్స్ మైదానంలోకి వచ్చేశాడు. ఆ సీజన్ 1,400 గజాలు దాటాడు. నా దృష్టిలో ఆ ఏడాది జెర్రీ చేసిన మంచి బేరం ఇదే.

ఊరికే వదిలేస్తే

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వదిలేసినా ముందే ఇచ్చిన బోనస్, గ్యారంటీ క్యాప్ మీద కూర్చుంటాయి, అమ్మేసిన బండికి ఈఎంఐ కట్టినట్టు. జూన్ 1 తర్వాత వదిలినట్టు రాసుకుంటే రెండేళ్లకి పంచుకోవచ్చు. డెన్వర్ 2024లో క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని వదిలి 85 మిలియన్ల బాకీ మోసింది, 53 ఆ ఏడాది, 32 తర్వాతి ఏడాది. అతని కోసం రెండేళ్ల ముందే సియాటిల్‌కి రెండు ఫస్టులు, రెండు సెకండ్లు, ముగ్గురు ఆటగాళ్లని ఇచ్చి ఉన్నారు. అప్పటికి ఇంకో దారి లేకపోబట్టి వదిలేశారు.

మరి మీ టీమ్ సంగతి వచ్చినప్పుడు నేను చూసే వరస ఇది. మొదట కాంట్రాక్ట్‌లో ఎన్నేళ్లు మిగిలాయి, గ్యారంటీ ఎంత. తర్వాత వయసు, వాడు లేకపోతే బంతి ఎవరి చేతికి వెళుతుంది. కేసు ఉంటే కోర్టులో ఎక్కడుంది, లీగ్ ఇంకా మాట్లాడిందా లేదా. ఇవి తెలియకుండా ఎన్ని ఫస్టులు అన్న లెక్కలోకి దిగొద్దు. గ్యారంటీ తక్కువైతే ఎలాంటివాణ్ణైనా ఒక ఏడాది చూడొచ్చు. గ్యారంటీ ఎక్కువై లీగ్ ఇంకా నోరు విప్పకపోతే, ఎంత చవగ్గా ఇస్తామన్నా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. పిక్ మీద షరతు రాయడానికి ఒప్పుకోని అమ్మకందారుకి మనకి తెలియనిది ఏదో తెలుసు అనుకోండి.

పార్సన్స్ ప్యాకర్స్ చొక్కాలో డల్లాస్‌కి తిరిగొచ్చింది 2025 సెప్టెంబర్ 28 రాత్రి. ఓడిన పక్షం గ్రూపు మొత్తానికి బిర్యానీ పెట్టాలని బావా తమ్ముడూ పందెం వేసుకున్నారు, ఫ్యామిలీ ప్యాక్‌లు ముందే చెప్పేశారు కూడా. ఓవర్‌టైమ్ కూడా అయిపోయింది, 40-40, డ్రా. పార్సిల్స్ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపల ఇద్దరూ ఎవరు కార్డు తీయాలని పావుగంట వాదించుకున్నారు. చివరికి మా వదిన లేచి డబ్బులిచ్చింది. ఆవిడ ఆ మ్యాచ్ ఒక్క నిమిషం కూడా చూడలేదు.